అవ్వ చావుకు గడువు మార్చి 31

ప్రాంతీయ భాషల రచయితలను ఉద్ధరించడానికి ఒక సంస్థ ఫెలోషిప్ ప్రకటించింది. పేరు చెప్పను, వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోవాలి కదా. షరతులు పదకొండు పేజీలు, ఇంగ్లీషులో. ప్రతిపాదన ఇంగ్లీషులో రాయాలి. రాస్తున్న పుస్తకం నుంచి పది పేజీల నమూనా పంపాలి, అదీ ఇంగ్లీషు అనువాదమే. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క: మూలప్రతి జతచేయనవసరం లేదు.

ఆ ముక్క మూడుసార్లు చదివాను. శుభలేఖలో "వరుడు రానవసరం లేదు" అని వేసినట్టుంది.

సరే, ఇచ్చేవాళ్లకు వంకలు పెట్టకూడదు. నేను రాస్తున్నది చెన్నపట్నం తెలుగు అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలు కూర్చిన ఒక కంపోజిటరు ఇంటి కథ. వావిళ్ల వారి పుస్తకాలు అచ్చయిన ఊరు, 1914లో ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి తరలి వచ్చిన ఊరు, 1947లో చందమామ మొదలైన ఊరు. ఊరికి అర్హత ఉందనే అనుకున్నాను. ఫారం ఒప్పుకోలేదు. భాష అన్న గడిలో తెలుగు నొక్కితే రాష్ట్రం అన్న గడిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాత్రమే వస్తాయి. పోనీ అని తమిళనాడు నొక్కితే భాష దానంతటదే తమిళం అయిపోతుంది. పొట్టి శ్రీరాములు పుట్టిందీ మద్రాసులోనే, 58 రోజులు అన్నం మానేసి 1952 డిసెంబరు 15న మైలాపూరులో ప్రాణం విడిచిందీ మద్రాసులోనే. ఈ ఫారం ముందు కూర్చోబెడితే ఆంధ్ర రాష్ట్రం అడిగే అర్హత ఆయనకూ ఉండేది కాదు. తండయార్‌పేటలో పుట్టి పెరిగిన నేను చివరికి నెల్లూరులో మా తోడల్లుడి చిరునామా వేసి ప్రాంతీయుణ్ణయ్యాను.

బడ్జెట్ గడి సంగతి వదిలేద్దాం. కాఫీ ఖర్చు ఒప్పుకోరు, అంతే.

అసలు రుచి ఏడో విభాగంలో ఉంది. నవల పని నెలవారీగా ఎలా సాగుతుందో గాంట్ చార్టు వేసి చూపాలట. గాంట్ అనే అమెరికా ఇంజనీరు కార్ఖానా పనులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో చూపడానికి ప్రచారంలోకి తెచ్చిన గీతల పటం అది. ఐటీ కంపెనీలు బారులు తీరిన ఓఎంఆర్ రోడ్డు మీద ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరుగా ఉన్న మా అక్క కొడుకును ఆదివారం ఇంటికి పిలిచాను. వాడు ల్యాప్‌టాప్ తెరిచి చొక్కా చేతులు మడిచాడు.

"మామయ్యా, నవల్లో పెద్ద మైల్‌స్టోన్లు చెప్పు."

"అవ్వ చచ్చిపోతుందిరా."

"ఎప్పుడు?"

"ఏమో. రాస్తూ పోతే తెలుస్తుంది."

వాడు తలెత్తి నన్ను జాలిగా చూశాడు. "ఏమో అంటే షీటు తీసుకోదు మామయ్యా. మొదటి విడత డబ్బుకు మార్చి 31 లోపు లెక్క చూపాలి. ఆలోగా గట్టి డెలివరబుల్ ఒకటి పడాలి. అవ్వను మార్చిలో వేసేద్దాం."

"మార్చిలో ఆవిడ మనవరాలికి సంబంధాలు చూస్తుంటుందిరా."

"పర్లేదు, రెండూ పారలల్‌గా నడిపిద్దాం." పెళ్లికి నీలం గీత, చావుకు ఎర్ర గీత వేశాడు. "ఈ రెండింటికీ డిపెండెన్సీ ఏమన్నా ఉందా?"

"ఇంట్లో మనిషి పోతే పెళ్లి ఎలా చేస్తార్రా?"

"అంటే పెళ్లి స్లిప్ అవుతుంది."

వంటింట్లోంచి మా అక్క అరిచింది. "స్లిప్పూ లేదు గిప్పూ లేదు. ఏడాది తిరక్కముందే ఇంట్లో శుభకార్యం చేసెయ్యాలి, లేదంటే మూడేళ్లు ఆగాలి!" వాడు తల్లి మాట ప్రకారం నీలం గీతను డిసెంబరుకు లాగాడు. ఫెలోషిప్ కాలం నవంబరుతో సరి. పెళ్లి గ్రాంటు బయటికి పోయింది.

"రిస్కులు?"

"అవ్వ చావనంటే?" అన్నాను, నవ్వుతాడని.

నవ్వలేదు. "మిటిగేషన్ ఏంటి?"

"తాతను చంపుతాను."

"బ్యాకప్: తాత" అని టైపు చేసుకుని, అవ్వ వరసలో నాకు రోజూ గుర్తు చేసే రిమైండరు కూడా పెట్టి, రెండు గ్లాసుల కాఫీ తాగి వెళ్లిపోయాడు. నలభై ఏళ్లుగా రాస్తున్నాను. నా కథాసంవిధానం మీద ఇంత శ్రద్ధ పెట్టిన విమర్శకుడు ఇంతవరకు దొరకలేదు.

అనువాదం నేనే చేశాను. నవల్లో అవ్వ మనవణ్ణి పొద్దస్తమానం "నీ జిమ్మడ" అంటూ ఉంటుంది. ముద్దొచ్చినప్పుడు మరీనూ. దాన్ని ఇంగ్లీషులో పెడితే పిల్లవాడి నాలుక ఊడిపడాలని ఒక ముసలిది పూటపూటా శపిస్తున్నట్టు తేలింది. ఆరు వారాల తర్వాత వచ్చిన తిరస్కరణ ఉత్తరంలో నిర్ణేతల అభిప్రాయం కూడా జతచేశారు: కుటుంబంలో పిల్లలపై మాటల హింస కనిపిస్తోంది, రచయిత దాన్ని ఖండించలేదు.

దానికి నవ్వాను. రెండో అభిప్రాయానికి నవ్వు రాలేదు.

ఆ కంపోజింగు పని చేసినవాళ్లలో ఇంకా కూర్చుని మాట్లాడగలిగినవాళ్లు నాకు తెలిసి ఇద్దరే మిగిలారు. ఒకాయనకు చూపు పోయింది. కానీ వేళ్లకు సీసపు అక్షరాలు పెట్టే అరల కేసు మొత్తం గుర్తుంది. ఏ అరలో ఏ ఒత్తు ఉండేదో గాలిలో చెయ్యి చాపి చూపిస్తాడు. "క్ష ఇక్కడ, రావత్తు ఇక్కడ, ఇదిగో ఇది విరిగితే పొద్దున్నే ఫోర్‌మన్ తిట్లు" అంటాడు. ఆ పేజీ రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇంగ్లీషుకు ఒత్తు లేదు, గుణింతం లేదు, కాబట్టి అనువాదంలో ఆ పేజీ ఇనపసామాన్ల కొట్టు జాబితాలా మిగిలింది. దాన్ని చదివి వీళ్లు రాసిన మాట: ఈ సాంకేతిక వివరాలు సాధారణ పాఠకుడికి అవసరమా?

ఎవడండీ ఈ సాధారణ పాఠకుడు? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా భాష అన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. వాళ్లలో ఒక్కడు కూడా సాధారణుడు కాడా? రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో మొదట చేర్చిన 14 భాషల్లో తెలుగు ఉంది. ఇప్పుడవి 22 అయ్యాయి, ఇప్పటికీ ఇంగ్లీషు వాటిలో లేదు. అయినా ప్రాంతీయం మనం! కంపెనీ కొలువుకు కడప వచ్చిన బ్రౌను దొర తెలుగు నేర్చుకుని, 1852లో ఈ ఊళ్లోనే నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన పన్నులు గుంజడానికి వచ్చినవాడు. వీళ్లు డబ్బు పంచడానికి వచ్చినవాళ్లు. తెలుగు రచయితకు ఇచ్చే డబ్బు కోసం తెలుగు చదవగలిగిన ఒక్క మనిషిని, ఒక్కణ్ణి, ఈ మహానగరంలో పట్టుకోలేకపోయారా? మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉందే! ఆటోకు వంద రూపాయలు అవుతుంది. కావాలంటే నా బడ్జెట్లో వేసుకోమనండి. చూపులేని ఆ పెద్దాయన వేళ్లతో చదివిన అక్షరాన్ని రెండు కళ్లూ ఉన్నవాళ్లు "అక్కర్లేదు" అని ముందే ఫారంలో అచ్చేశారు. సిగ్గు లేకపోతే సరి.

ఏదో అనేశాను. వచ్చే ఏడాది పెట్టుకోవాలన్నాను కదా, ఈ పేరా వాళ్లకు అనువదించి పంపకండి. మూలం ఎలాగూ చదవరు, భయం లేదు.

గ్రాంటు రాలేదు గానీ మా మేనల్లుడి రిమైండరు ఆగలేదు. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఫోను మోగుతుంది. "అవ్వ మరణం: గడువు దాటి 43 రోజులు" అని ఈ పూట కూడా వచ్చింది. ఆ వేళకు నేను పదిహేడో ప్రకరణంలో ఉన్నాను. ఆవిడ మనవణ్ణి జిమ్మడా అని పిలిచి, డికాషన్ పల్చగా ఉందని పోట్లాడుతోంది.