పోయిన ‘ఎస్’ ఎవరిది?

నార్వేజియన్ తరగతిలో ఈ సాయంత్రం ఇచ్చిన కాగితంలో ‘బుస్టొప్’ అనే మాటను వరుస చివర తప్పుగా విరిచారు. ‘బుస్’ అంటే బస్సు, దాని చివర రెండు ఎస్‌లు. ‘స్టొప్’ మొదట ఇంకొకటి. ఒకే హల్లును వరుసగా మూడుసార్లు రాయరు కనుక, కలిపినప్పుడు ఒక ఎస్ లోపిస్తుంది. వరుస చివర విరిస్తే మాత్రం అది తిరిగి రావాలి. ఆ కాగితంలో రాలేదు. ఒంటి ఎస్‌ను చూసి, పక్కన కూర్చున్నావిడ పాపం ‘బూస్’ అని సాగదీసి చదివింది. అచ్చును పొట్టిగా పలకాలని చెప్పేది ఆ జంట హల్లే కదా! టీచరును అడిగితే, కంప్యూటర్ విరిచింది, అర్థమైతే చాలన్నారు.

చాలదు. ‘రామునితో కపివరుండిట్లనియె’ అన్నదాన్ని ‘రాముని తోక పివరుండు’ అని విరిస్తే ఏమవుతుందో చిన్నప్పుడే విన్నవాళ్లం మనం. నార్వేజియన్‌లోనూ అంతే: ‘లమ్మెలోర్’ అని కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడమాంసం, మధ్యలో ఖాళీ వదిలితే చచ్చుబడిన తొడలు.

నా అసలు బాధ ఇప్పటిది కాదు. రెండేళ్లుగా ఈ తరగతులు మాటల పట్టికలు బట్టీ పట్టిస్తున్నాయే తప్ప, నార్వేజియన్ సమాసాన్ని పలికేటప్పుడు బలమంతా సాధారణంగా మొదటి పదం మీద పడుతుందనీ, రెండోది దానికి లోబడి తేలికవుతుందనీ ఒక్కరోజూ చెప్పలేదు. మనం అమ్మ, అమ్మ కలిపి అమ్మమ్మ అన్నట్టే వాళ్లూ తల్లి తల్లిని ‘మూర్’, ‘మూర్’ కలిపి పిలుస్తారు. అందులోనూ బలం మొదటి ‘మూర్’ మీదే. ఎంత దగ్గరి మాట! దీనితో మొదలుపెట్టి ఉంటే తెలుగువాళ్లకు ఒక్క పూటలో పట్టుబడేది. ఊనిక మారితే అర్థం మారే అలవాటు తెలుగులో లేదు కాబట్టి, మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా నొక్కుతాం.

మాంసం కొట్టులో నేను అలాగే సమానంగా నొక్కి ‘లమ్మెలోర్’ అడిగాను. కొట్టతను ఒక క్షణం నా ముఖం చూసి ఇంగ్లీషులోకి మారిపోయాడు. వ్యాకరణం సరే, పదం సరే, బలం పడాల్సిన చోట పడలేదు. ఆ రోజు మాంసం పొట్లం పట్టుకుని ఇంటిదాకా ‘లమ్, లమ్’ అని నొక్కుకుంటూ నడిచాను.

పోయిన ఎస్‌ను ఎర్ర సిరాతో రాసి, ప్రతి సమాసంలోనూ బలం పడే అక్షరం కింద గీత గీసి, వచ్చే తరగతికి ఆ కాగితాన్నే తీసుకెళ్తున్నాను.