మత్తులో మెదడు ‘స్విచ్ ఆఫ్’ అవుతుందా?

"అనస్థీషియా ఇవ్వగానే మెదడు స్విచ్ ఆఫ్ అయిపోతుంది. అది గాఢనిద్ర లాంటిదే. స్పృహ ఎలా పోతుందో కంప్యూటర్ మోడళ్లు తేల్చేశాయి, ఇక మత్తు డాక్టరు అక్కర్లేదు." ఈ మాటలు చాలామంది పంచుకుంటున్నారు. ఆపరేషన్‌కు ముందు టెన్షన్‌లో ఉన్నవారు వీటిని నమ్మితే నష్టం, అందుకే రాస్తున్నాను.

ముందు స్విచ్ ఆఫ్ సంగతి. ప్రోపోఫాల్ అనే మత్తు మందు ఇచ్చిన మనిషికి ఈఈజీ (తలపై తీగలు అతికించి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీస్తే నుదుటి వైపు సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు బలంగా కనిపిస్తాయి. వాటితోపాటు సెకనుకు ఒక్కసారైనా ఊగని నెమ్మది తరంగాలూ ఉంటాయి. ఈ ఆల్ఫా ఎలా పుడుతుందో వివరించడానికి షినుంగ్ చింగ్, నాన్సీ కోపెల్, ఎమరీ బ్రౌన్ తదితర పరిశోధకులు 2010లో ఒక కంప్యూటర్ మోడల్ ప్రచురించారు. న్యూరాన్లను (మెదడు కణాలను) అణిచే గాబా అనే రసాయన సంకేతాన్ని ప్రోపోఫాల్ బలపరుస్తుంది, ఎక్కువసేపు నిలుపుతుంది. ఆ మార్పును మోడల్ సమీకరణాల్లో పెడితే కార్టెక్స్ (మెదడు పై పొర), థాలమస్ (దానికి కబుర్లు చేరవేసే లోపలి భాగం) రెండూ ఒకే ఆల్ఫా లయలో ఇరుక్కుపోయాయి. అంటే కణాలు పనిచేస్తూనే ఉన్నాయి. ఒకే లయకు కట్టుబడిపోయిన చోట కొత్త కబురు అటూ ఇటూ చేరడం కష్టమని నాకు అర్థమైంది.

కెటమిన్ అనే మరో మత్తు మందు దగ్గరికి వస్తే స్విచ్ వాదన అసలు నిలవదు. అది ముఖ్యంగా న్యూరాన్లపై ఉత్తేజ సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. వేగవంతమైన గామా తరంగాలు పెరుగుతాయి, అయినా మనిషి పిలిస్తే పలకడు. ప్రోపోఫాల్ కోసం రాసిన మోడల్ దీనికి సరిపోదు.

నిద్రా? నిద్రపోయేవాణ్ణి తట్టిలేపవచ్చు. మత్తు బాగా ఎక్కితే ఈఈజీలో కాసేపు అలజడి, కాసేపు చదునైన గీత మారిమారి వస్తాయి. దీన్ని బర్స్ట్ సప్రెషన్ అంటారు. ఆరోగ్యవంతుడి నిద్రలో ఇది రాదు, కోమాలో కనిపించవచ్చు.

ఇక మోడళ్లు స్పృహను తేల్చేశాయన్న మాట. ఆ సమీకరణాల్లో వోల్టేజీలు, అయాన్ల ప్రవాహాలు ఉంటాయి. స్పృహ అనే రాశి ఎక్కడా ఉండదు. పైగా వయసు మీదపడినవారిలో మత్తులో ఆల్ఫా బలహీనంగా ఉంటుంది, అయినా వారికి స్పృహ పోతుంది. ఇంకో పరీక్ష ఉంది. కండరాలు సడలించే మందు చేరకుండా ముంజేతికి పట్టీ బిగించి, మత్తులో ఉన్నవారిని చేయి నొక్కమంటే కొందరు నొక్కారు. వారిలో చాలామందికి తర్వాత ఏదీ గుర్తు లేదు. వారికి అప్పుడు స్పృహ ఉందా, లేదా? లయను లెక్కగట్టే మోడల్ దీనికి జవాబు చెప్పలేదు.

మత్తు డాక్టరు అక్కర్లేదనడం ప్రమాదకరం. ప్రోపోఫాల్ శ్వాసను అణచివేస్తుంది, బీపీని పడేస్తుంది. మెదడు లయల మోడల్ ఎంత బాగున్నా, ఆగిన ఊపిరిని ఆ నిమిషంలో గమనించి అందించాల్సింది పక్కన నిలబడ్డ మత్తు డాక్టరే.