‘సులభం’ అని రాస్తే సరిపోదు

తీరప్రాంత అభయారణ్యం గేటు దాటగానే ఒక మ్యాపు, దాని మీద రంగురంగుల గీతలు కనిపిస్తాయి. ఎర్ర గీత కష్టం, ఆకుపచ్చ గీత సులభం. పిల్లల్ని వెంటేసుకొచ్చినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గంటలో తిరిగి బండెక్కాల్సినవాళ్లు ఆకుపచ్చ గీతే పట్టుకుంటారు. నడకలో ఆరితేరినవాళ్లకు ఆ గీతంటే కాస్త చులకన. నా లెక్క వేరు. ఎక్కువ కాళ్లు పడేది ఆ కిలోమీటరున్నర దారిలోనే కాబట్టి అభయారణ్యం బాగోగులు తేలేదీ అక్కడే.

ముందు ‘సులభం’ అన్న మాట సంగతి చూద్దాం. ఒకసారి మా అమ్మను అలాంటి దారికే తీసుకెళ్లాను. మొదట్లో అంతా చదునే. మడ చెట్ల మధ్య నుంచి చెక్కలు పరిచిన బోర్డ్‌వాక్, మధ్యమధ్యలో బెంచీలు. తీరా చివరికి వెళ్లాక పక్షుల్ని చూసే మంచె ఎక్కడానికి ఏడు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. అమ్మ కిందే ఉన్న బెంచీ మీద కూలబడింది. బోర్డు రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్ల మోకాళ్లకు అది సులభమే.

అమెరికాలో ఫెడరల్ భూముల్లోని నడకదారుల కోసం 2013లో వచ్చిన నిబంధనలు ఈ చిక్కుముడిని నేరుగా విప్పాయి. వాటి ప్రకారం దారి వెడల్పు 36 అంగుళాలకు తగ్గకూడదు. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే వాలు ఎంత దూరమైనా ఉండొచ్చు. పన్నెండు అడుగులకు ఒక అడుగును మించిన వాలు మాత్రం మొత్తం దారిలో 30 శాతం దాటకూడదు. చక్రం గానీ చేతికర్ర మొన గానీ దిగబడకుండా, చెక్కల మధ్య సందు అర అంగుళంలోపే ఉండాలి. వీటన్నిటికన్నా నాకు నచ్చింది బోర్డు మీద ఏం రాయాలో చెప్పిన తీరు. దారి పొడవెంత, నేల దేనితో వేశారు, మామూలుగా ఎంత వెడల్పు, బాగా ఇరుకైన చోట ఎంత, వాలు మామూలుగా ఎంత, గరిష్ఠంగా ఎంత అన్నవి రాస్తే చాలు. సులభమో కాదో చదివినవాళ్లే తేల్చుకుంటారు.

తీరంలో ఈ అంకెలకు ఇంకొకటి కలపాలి, అది ఆనాటి పోటు వేళ. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. నిన్న ఉదయం పదింటికి పోటు వస్తే ఇవాళ పదీ యాభై ప్రాంతంలో వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ నీరు ఇంకా పైకెక్కుతుంది. పొద్దున పొడిగా ఉన్న చోట మధ్యాహ్నానికి చీలమండ లోతు నీళ్లుంటాయి. ఆ నీళ్లు వెనక్కి పోయాక చెక్కల మీద మిగిలే పాచి ఇంకా ప్రమాదం. కొండదారికి ఒకసారి కొలతలు రాసి వదిలేయొచ్చేమో గానీ, తీరపు దారికి ఏ రోజు మాట ఆ రోజు రాయాల్సిందే.

ఇదంతా నడిచేవాళ్ల వైపు నుంచి. చెక్కల కింద బతికేవాటికీ ఈ సులువుతో పని ఉంది.

బోర్డ్‌వాక్ అంచున వంగి చూస్తే తెల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వందల కొద్దీ మొనలు నిక్కబొడుచుకుని ఉంటాయి. అవి శ్వాసవేర్లు. మడ బురదలో పైపొర దాటితే గాలి ఆడదు కనుక, వేర్లు మొనలు పైకి చాచి, నీరు వెనక్కి తగ్గే పాటు వేళల్లో గాలి పీల్చుకుంటాయి. వాటి మీద నాలుగుసార్లు కాలు పడిందంటే మొనలు విరుగుతాయి, బురద గట్టిపడుతుంది. ఇసుక తిన్నెల మీదా ఇదే కథ. మేక గిట్టలాంటి ఆకులతో పాకే బాలబంద తీగ అక్కడి ఇసుకను పట్టి ఉంచుతుంది. రోజూ ఒకే చోట తొక్కితే తీగ తెగి, ఆ గండిలో గాలి దూరి తిన్నెనే తవ్వుకుంటూ పోతుంది.

అందుకే ‘ప్రకృతిలో దారి వేయడమే తప్పు’ అనే వాదనతో నేను ఏకీభవించను. దారి వేయనంత మాత్రాన జనం రావడం మానరు. తలా ఒక అడ్డదారి తొక్కుతారు. చదునుగా, పొడిగా, మోకాలికి హాయిగా ఉండే దారి ఒకటి ఉంటే బురదలోకి దిగాలన్న ఆలోచన చాలామందికి రాదు. కంచె చేయలేని పని సులువు చేస్తుంది. కాకపోతే ఆ దారిని నేల నుంచి ఎత్తులో కట్టాలి, కింద పోటునీరు వచ్చిపోవాలి, సందుల్లోంచి కాస్తయినా వెలుతురు దిగాలి. అడ్డంగా మట్టికట్ట పోసి దాన్నే నడకదారి అంటే నీటి రాకపోకలు ఆగి, కట్టకు అవతలి మడ ఎండిపోయే ప్రమాదముంది. నడిచేవాళ్లకు రెండూ ఒకేలా కనిపించడమే చిక్కు.

పేచీ వచ్చేది పొడిగింపు దగ్గర. దారి బాగుందని జనం పెరుగుతారు, జనం పెరిగారని ఇంకో కిలోమీటరు వేస్తారు, దాన్ని వలస పక్షులు వాలే బురదమేట దాకా తీసుకెళ్తారు. 2022లో ఐదు నెలల వయసున్న బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అనే వలస పక్షి ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది, ఎక్కడా దిగలేదు. అలా వచ్చే పక్షులకు బురదమేట అన్నం పళ్లెం. పాటు వేళ తింటాయి, పోటు వేళ మిగిలిన కాస్త గట్టు మీద గుంపుగా సేదతీరతాయి. పోటు వేళే అవి మనకు దగ్గరగా కనిపిస్తాయి గనుక ఫొటోల కోసం ఎగబడేదీ అప్పుడే. లేపిన ప్రతిసారీ ఒంట్లో దాచుకున్న కొవ్వు కొంత కరుగుతుంది. సులువైన దారి చివరిదాకా వెళ్లక్కర్లేదు. మడ చెట్ల నీడలోనే ఒక మలుపు తీసుకుని వెనక్కి తిరిగినా నష్టం లేదు.

ఇంగ్లండ్ తీరదారి ఇందుకు మంచి పాఠం. 2009 నాటి చట్టంతో మొదలై 4,300 కిలోమీటర్ల పైచిలుకు సాగే ఆ దారికి, సముద్రం గట్టును కోసేస్తే లోపలికి జరిగే వెసులుబాటు ముందే పెట్టారు. దారి ఉంది కదా అని పక్కనున్న ఉప్పుబీళ్లలోకీ బురదమేటల్లోకీ ఎక్కడబడితే అక్కడ దిగనివ్వరు. పక్షుల కోసం కొన్ని చోట్ల ఏడాదిలో కొన్ని నెలలు అడ్డుకట్ట ఉంటుంది. తీరం కదులుతుందని ఒప్పుకున్నాక దారి కూడా కదలాలి. కోసుకుపోయిన చోటల్లా కాంక్రీటు పోసుకుంటూ కూర్చుంటే నడకదారి నిలుస్తుందేమో గానీ, చూడ్డానికి వచ్చిన తీరం ఉండదు.

మరో చిన్న సంగతి, రెయిలింగు. నిలబడ్డవాళ్ల నడుము ఎత్తున అడ్డచెక్కలు బిగిస్తారు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకూ ఐదేళ్ల పిల్లలకూ సరిగ్గా కళ్ల ఎదుట చెక్కే వస్తుంది. నేలకు మరీ ఎత్తు లేని చోట రెయిలింగు తీసేసి, చక్రం జారకుండా అంచున నాలుగు అంగుళాల కమ్మీ పెడితే సరిపోతుంది. ఖర్చూ తగ్గుతుంది.

అమ్మ కూర్చున్న బెంచీ దగ్గర అలాంటి అంచే ఉంది. మేం పైన బైనాక్యులర్స్‌తో ఎక్కడో దూరాన పక్షిని వెతుకుతూ పావుగంట గడిపాం. తిరిగి మెట్లు దిగుతుంటే అమ్మ చెయ్యెత్తి ఆగమంది. అప్పటికే ఆలస్యమైంది. ఆమె కాళ్లకు మూరెడు దూరంలో బురద నిండా బొరియలే, ఒక్క పీతా లేదు.

‘‘ఇందాకటిదాకా బయటే ఉన్నాయి. ఒక్కోదానికి ఒక చెయ్యి ఒంటికంత పెద్దది, ఊపుతూనే ఉన్నాయి. మీరు ధబధబా దిగారు, లోపలికి పోయాయి’’ అంది.