ముహూర్తం మారిస్తే మూడు వేలు

విమానం టికెట్ తేదీ మార్చుకుంటే డబ్బులు గుంజుతున్నారని అమలాపురం నుంచి భీమవరం దాకా జనం తెగ బాధపడిపోతున్నారు. ఆ బాధ నాకు అర్థం కాదు. రాజమండ్రి పక్కన మధురపూడిలో విమానం ఎక్కి గంటలో హైదరాబాద్‌లో దిగాలనే సరదా ఉన్నవాళ్లకి, ఫలానా రోజు ఫలానా గంటకి తమ బతుకు ఎలా ఉంటుందో రెండు నెలల ముందే తెలిసి ఉండొద్దా? తెలియకపోతే అది విమాన సంస్థ తప్పా?

సంస్థలు చెప్పేదాంట్లో న్యాయం లేకపోలేదు. విమానం లేచిపోయాక ఖాళీ సీటు ఎవరికీ పనికిరాదు. అందుకని చౌక టికెట్ల మీద మూడు వేలకి అటూఇటూగా మార్పు రుసుము. కొత్త తేదీకి ధర పెరిగి ఉంటే ఆ తేడా అదనం. తగ్గి ఉంటే ఆ తేడా మన చేతికి రావడం మాత్రం అరుదు. బుక్ చేసేటప్పుడు కట్టిన కన్వీనియన్స్ ఫీజు సంగతి అడగొద్దు. అది ఎవరి కన్వీనియన్సో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మా వైపు కల్యాణ మండపాల వాళ్లకి ఈ వ్యాపార సూత్రం బొత్తిగా ఒంటబట్టలేదు. పెళ్లి తప్పిపోయిందంటే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేది లేదంటారు, అంతవరకూ బాగానే ఉంది. కానీ అదే ముహూర్తానికి ఇంకో పెళ్లివాళ్లు హాలు తీసుకున్నారనుకోండి, పెద్దమనుషులు కూర్చుని "ఒక్క హాలుకి రెండు అద్దెలేంటండీ బాబూ" అంటారు. మండపం ఆయన తల గోక్కుని, తనకైన ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తాడు. ఎంత వెనకబాటుతనం! అదే సంక్రాంతి ముందు మీరు వదులుకున్న సీటునైతే విమాన సంస్థ అంతకి రెట్టింపు ధరకి అమ్ముకోవచ్చు, మీ రుసుమూ ఉంచుకోవచ్చు. పెద్దమనుషుల్ని పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు.

ప్రభుత్వానికి జాలి లేదనుకోకండి. 2019లో పౌర విమానయాన శాఖ ప్రయాణికుల చార్టర్ ఒకటి ప్రకటించింది. టికెట్ కొన్న 24 గంటల్లోపు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు, తేదీ మార్చుకోవచ్చు అని అప్పట్లో అందులో రాశారు. ప్రయాణానికి ఇంకా కనీసం వారం ఉండాలి, అంతే. 2025 నవంబర్‌లో ఆ గడువుని 48 గంటలు చేద్దామని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ముసాయిదా పెట్టింది, 2026లో ఖరారు కూడా చేసింది. కాబట్టి ఇళ్లల్లో ఉన్న పెద్దవాళ్లకి నా మనవి. మనవడు టికెట్ కొన్న రోజు సాయంత్రంలోగా పోతే ఎవరికీ ఇబ్బంది లేదు. మూడో రోజు దాకా ఆగి పోతే, దినవారాల ఖర్చులో మార్పు రుసుము కూడా రాసుకోవాల్సి వస్తుంది.

వానాకాలంలో ఈ న్యాయం ఇంకా చక్కగా కనబడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడోది వచ్చేసరికి లంక గ్రామాల కాజ్‌వేలు మునిగి, జనం పడవల మీద తిరుగుతుంటారు. వరద ఎక్కడో ఎగువన కురిసిన వానది కాబట్టి మధురపూడిలో ఎండ కాస్తూనే ఉండొచ్చు, విమానం ఠంచనుగా ఎగిరిపోవచ్చు. అప్పుడు పడవ మీద సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డ ప్రయాణికుడిని నిబంధనల భాషలో 'నో షో' అంటారు. అదే తుపాను వల్ల విమానం ఆగిపోతే అది 'అసాధారణ పరిస్థితి'. పరిహారం ఇవ్వక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది. నీళ్లు అవే. రన్‌వే మీదుంటే వైపరీత్యం, మన వాకిట్లో ఉంటే నిర్లక్ష్యం.

ఏ అసాధారణమూ లేకుండా, చెప్పాపెట్టకుండా సంస్థే విమానం రద్దు చేస్తే డీజీసీఏ లెక్క ఒకటుంది. డబ్బు వెనక్కో ఇంకో విమానమో ఇచ్చాక, గంటలోపు ప్రయాణానికైతే పరిహారం ఐదు వేలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత. రెండిట్లో ఏది తక్కువైతే అది. మెసేజ్‌లో కారణం 'ఆపరేషనల్ రీజన్స్' అని ఉంటుంది. మా ఎదురింటాయన తేదీ మార్పు కోసం ఫోన్ చేసి, "ఆయ్, మాకూ ఆపరేషనల్ రీజన్సేనండి, మా ఆవిడకి జొరం" అన్నాడు. అవతలి అమ్మాయి నవ్విందట. రుసుము మాత్రం నవ్వలేదు.

అమెరికా వాళ్లు ఈ విషయంలో తొందరపడ్డారని నా అభిప్రాయం. 2019లో అక్కడి సంస్థలకి మార్పు, రద్దు రుసుముల కింద సుమారు 280 కోట్ల డాలర్లు వచ్చాయి. అంత పంట పండే చేనుని 2020 ఆగస్టు చివర్లో యునైటెడ్, డెల్టా, అమెరికన్ వరసపెట్టి వదిలేశాయి. దేశీయ ప్రయాణాల్లో చాలా టికెట్లకి 200 డాలర్ల మార్పు రుసుము ఎత్తేశాయి. కరోనా భయంతో టికెట్ కొనేవాడే లేని రోజుల్లో దయ దానంతటదే పుట్టుకొస్తుంది కదా. ఖాళీ సీట్ల సిద్ధాంతం ప్రకారం ఆ కంపెనీలు ఈపాటికి కుప్పకూలాలి. ఎందుకో ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

మన దగ్గర నిబంధనల పుస్తకంలో ప్రయాణికుడి కోసం కూడా నాలుగు వాక్యాలున్నాయి. టికెట్ మీద 'నాన్ రిఫండబుల్' అని రాసి ఉన్నా, మీరు అసలు విమానమే ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు తిరిగి ఇవ్వాల్సిందే. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినదాన్ని మించకూడదు. రిఫండ్ ఇచ్చే పనికి విడిగా డబ్బు తీసుకోకూడదు. మనవాళ్లు ఇది అడగరు. విమానం ఎక్కే మనిషి నాలుగు వందల కోసం ఫోన్ చేస్తే ఊళ్లో పరువేం కావాలి? ఆ పరువు కూడా సంస్థల ఆదాయం లెక్కల్లో ఎక్కడో ఓ పద్దు కింద జమ అయ్యే ఉంటుంది.