ఆ డ్రమ్ముకీ మేకతోలే

ఇక్కడ ఉత్తర ఐర్లండ్‌లో మన తెలుగువాళ్ల మొన్నటి ఉగాది సంబరంలో, ఈ నేల పెద్ద డ్రమ్మైన లాంబెగ్ మోగిన నాలుగు నిమిషాలకే పిల్లలు చెవులు మూసుకున్నారు, పెద్దలు లేచి బయటికి నడిచారు, మైకులో "ఇక చాలండీ" అని వినబడింది. అంత బరువును మెడకు తగిలించుకుని వచ్చిన అతిథి మారుమాట లేకుండా దించేశారు. వాట్సాప్ గ్రూపులో మర్నాడంతా "అదేం గోల" అన్న మాటే. పిలిచి అవమానించాం. లోపం డ్రమ్ముది కాదు, మన ఏర్పాటుది.

లిస్‌బర్న్ పక్కనున్న లాంబెగ్ ఊరి పేరే ఆ డ్రమ్ముకు వచ్చింది. సుమారు మూడడుగుల వ్యాసం, రెండడుగుల లోతు, 16 నుంచి 18 కిలోల బరువు. ఓక్ చెక్క గుల్ల, రెండు వైపులా పలచగా గీకిన మేకతోలు. తడి తోలును సన్నటి కట్టుకు చుట్టి, దాని మీద వెడల్పాటి కట్టు బిగించి, ఆ కట్టు నుంచి ఈ కట్టుకు తాళ్లు అల్లుతారు. అసలు పని ఆ తర్వాతే. చుట్టూ తిరుగుతూ తాళ్లను కొంచెం కొంచెంగా లాగుతూ, అంచు వెంబడి తట్టి వింటూ, రెండు తోళ్లూ ఒకే స్వరం పలికేదాకా బిగించాలి. ఒక వైపు ఎక్కువ లాగితే నాదం పోయి చప్పుడు మిగులుతుంది. ఇంకా లాగితే తోలు చిరుగుతుంది. గాలిలో తేమ పెరిగితే తోలు జారిపోయి పని మళ్లీ మొదటికి వస్తుంది. దీనికి గంట పైనే పడుతుంది. మనం ఇచ్చింది అయిదు నిమిషాలు, అదీ బిర్యానీ ఆవిరి నిండిన మూసిన హాల్లో.

వంగిన బెత్తాలతో కొడితే దాని మోత 120 డెసిబెల్ల దాకా పోతుందంటారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్లు తగ్గుతాయి. హాల్లో గోడలు ఆ మోతను తిప్పికొడతాయి కాబట్టి వెనక వరుసకు పోయినా తప్పించుకోలేం. పిల్లలు ఏడవడంలో వింత లేదు.

ఇది మనకు తెలియని సంగతా? వరిగడ్డి మంట చూపనిదే మన డప్పు పలకదు. అదీ మేకతోలే, దానికీ తేమే శత్రువు. ఆ డప్పునే చావుకూ చాటింపుకూ పిలిచి, పంక్తిలోకి పిలవని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఆ అలవాటును విమానమెక్కించి ఇక్కడికీ తెచ్చుకున్నామని అనడానికి నోరు రాదు కానీ, మొన్న జరిగింది అదే.

జులై 12న ప్రొటెస్టెంట్లు ఈ డ్రమ్ములతో జరిపే ఊరేగింపుల వల్ల ఆ మోత వింటేనే మనసు కష్టపడే ఇళ్లు బెల్‌ఫాస్ట్‌లో ఉన్నాయి. మన సభ్యుల ఇరుగుపొరుగులోనూ ఉన్నాయి. ఆ బాధను కొట్టిపారేయలేం. కానీ ఒకప్పుడు కాథలిక్కుల హైబర్నియన్ సంఘాలూ ఇదే డ్రమ్ము మోగించాయి. స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లతో ఇక్కడికి చేరిన అల్‌స్టర్-స్కాట్స్ మాటలో పద్యాలు రాసిన బాలీకారీ ఊరి నేతగాడు జేమ్స్ ఆర్, 1798 తిరుగుబాటులో బ్రిటిష్ పాలనకు ఎదురుతిరిగిన యునైటెడ్ ఐరిష్‌మెన్ పక్షాన నిలిచాడు. ఈ వారసత్వాన్ని ఒక్క జెండాకు కట్టేయడం సరికాదు.

ఆ అల్‌స్టర్-స్కాట్స్ మాటకూ డ్రమ్ముకు పట్టిన గతే పట్టింది. థ్రాన్ అంటే మొండి, థోల్ అంటే ఓర్చుకోవడం, షూఖ్ అంటే చేను పక్క కాలువ. ఇలాంటి మాటలు పలికితే "చెడిపోయిన ఇంగ్లీషు" అని బడిలో దిద్దారు. సినిమాల్లో శ్రీకాకుళం యాసనూ తెలంగాణ యాసనూ నవ్వులాటకు వాడుకున్నప్పుడు మనకెంత మండిందో గుర్తుంటే, ఆ దిద్దుబాటు ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కమిటీ అన్నలకూ అక్కలకూ ఒక్క విన్నపం. ఆ అతిథి ఇంటికి వెళ్లి, క్షమాపణ చెప్పి, మళ్లీ పిలవండి. ఈసారి బయట మైదానంలో, వాన పడితే తోలు తడవకుండా పైన పందిరి వేసి. జనం ముందు వరుస ఇరవై మీటర్ల అవతల ఉండాలి, పిల్లల చెవులకు మఫ్లు ఇవ్వాలి. పాత పద్ధతిలో తోడుగా ఫైఫ్ అనే చిన్న పిల్లనగ్రోవి ఊదేవారినీ రమ్మనండి. తాళ్లు బిగించే గంటను కార్యక్రమ పత్రంలోనే వేయండి, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు. హాల్లో అలారం మోగుతుందని ఇన్నాళ్లూ కాచకుండా వాయిస్తున్న మన డప్పులను కూడా, స్థలం వాళ్ల అనుమతి తీసుకుని, ఆ పక్కనే మంట వేసి కాచుకుందాం.