మెత్తదనం ఎవరిని కాపాడుతుంది?

ఉక్కు అంటే చెర, మెత్తనిది అంటే ఒడి. రెండు విరుద్ధ పదార్థాలతో చేసిన శిల్పం కనబడగానే చాలామంది వేసుకునే లెక్క ఇది. శిల్పి ఈవా హెస్సే 1960ల చివర్లో చేసిన ‘యాక్సెషన్ 2’ దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

అమెరికాలోని డెట్రాయిట్ మ్యూజియంలో ఉన్న ఈ శిల్పం ఒక పెట్టె. జింకు పూత వేసిన ఉక్కు, ఎటు కొలిచినా దాదాపు 78 సెంటీమీటర్లు, పైన మూత లేదు. గోడల నిండా 30 వేలకు పైగా రంధ్రాలు. వాటిలోంచి వినైల్ అనే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ముక్కల్ని చేత్తో దూర్చి, కొసలు లోపలికి తేలేలా లాగారు. బయట వరస తప్పని అల్లిక. వంగి లోపలికి చూస్తే మాత్రం ఆ కొసలన్నీ ముళ్లలా మీదికి లేస్తాయి.

నాకు ముఖ్యమనిపించేది ఇదే: లోపలి చోటును ఆక్రమించినది ఉక్కు కాదు, మెత్తటి గొట్టాలే. అందులో దాక్కున్నదానికి బయటి దెబ్బ తగలదు, నిజమే. కదిలే వీలూ ఉండదు. అతిగా కాచుకునే ప్రేమ మధ్య పెరిగినవాళ్లు ఈ ఇరుకును వెంటనే గుర్తుపడతారు. కోపంతో వేసిన గడియ మీద తిరగబడొచ్చు, బుజ్జగింపు మీద ఎలా తిరగబడతాం?

హెస్సే 1936లో హాంబర్గ్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల బారిన పడకుండా 1938లో అక్కతో పాటు ఆమెను, యూదు పిల్లల్ని దేశం దాటించే రైల్లో నెదర్లాండ్స్‌కు పంపేశారు. ఆ తర్వాత కుటుంబం న్యూయార్క్ చేరింది. ఆమెకు పదేళ్లప్పుడు తల్లి ఆత్మహత్య చేసుకున్నారు. ఈ పెట్టెను ఆ బాల్యంతోనే ముడిపెట్టి చదివేవాళ్లున్నారు. అలా చదివితే ఆమె పనితనానికి అన్యాయం జరుగుతుంది. శిల్పి డొనాల్డ్ జడ్ వంటివారు ఫ్యాక్టరీల్లో చేయించిన లోహపు పెట్టెలకు న్యూయార్క్‌లో గొప్ప పేరున్న రోజులవి. హెస్సే కూడా పెట్టెను ఫ్యాక్టరీలోనే చేయించి, దాని గోడల్లోకి ఓపికైన చేతిపనిని దించారు. ఏ భావమూ చూపని ఆ ఆకారానికి భయం, ఆశ రెండూ అలా వచ్చాయి.

మెత్తదనం కాలానికి ఎలా లొంగుతుందో 1969 నాటి ‘ఎక్స్‌పాండెడ్ ఎక్స్‌పాన్షన్’లో చూడొచ్చు. రబ్బరు పాలు పట్టించిన పల్చటి గుడ్డను ఫైబర్‌గ్లాస్ కర్రలు నిలబెడతాయి. 1970లో, 34 ఏళ్లకే హెస్సే కన్నుమూశారు. ఆ గుడ్డ క్రమంగా ముదురు రంగుకు తిరిగి, బిగుసుకుని, పెళుసైంది. దశాబ్దాల పాటు బయటపెట్టని ఆ శిల్పాన్ని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం మరమ్మతు చేసి 2022లో ప్రదర్శించింది. పాత గుడ్డనే నిలబెట్టడం సరైన నిర్ణయం. కొత్తది తొడిగి ఉంటే శిల్పం చూడముచ్చటగా ఉండేదేమో గానీ, వంగే గుణమున్న పదార్థం తనంతట తానే బిగుసుకుపోవడం మనకు కనబడేది కాదు.