బొరుగులు ముందు, బజ్జీలు తర్వాత

కొండ కనబడే మిద్దె మీద సీసా తెరవడం బాగుండదని పెద్దలు అనడంతో, మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి ఊరొచ్చిన మన సంఘం వాళ్ల బీరు పోటీ తిరుపతి నుంచి చిత్తూరుకు మారింది. ముచ్చటైన పట్టింపే. అందులో సగం బీరు మీద చూపించి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

తెచ్చినవాళ్లు తక్కువ తంటా పడలేదు. కస్టమ్స్‌లో సుంకం లేకుండా మనిషికి వదిలేది 2 లీటర్లు, 473 మి.లీ. డబ్బాలు నాలుగైతే 1,892 మి.లీ. ఒక సభ్యుడైతే అమెరికాలో ఇంట్లో కాచిన మామిడి గోధుమ బీరే పట్టుకొచ్చారు. 19 లీటర్లకు 3.1 కిలోల బెంగళూరా మామిడి గుజ్జు టిన్ను ఒకటి పోశారు, అదీ చిత్తూరు గుజ్జే. ఇంత దూరం తిరిగి పుట్టింటికొచ్చిన కాయకు దక్కిన మాట, ‘ఏముందప్పా దీంట్లో, తీపే లేదు, ఎక్కనూ లేదు!’ చివరి స్థానం.

తీపి ఎందుకుంటుంది? గుజ్జులోని చక్కెరను ఈస్టు తినేస్తుంది. మిగిలేది కాస్త వాసన, కాస్త పులుపు. బెంగళూరాకు అసలే ఘుమఘుమ తక్కువ. తీపి మిగిలిపోతేనే భయపడాలి: సీసాలో మళ్లీ పులిసి, మూత తీయగానే మీదికి చిమ్ముతుంది, లేదా సీసానే పగులుతుంది. ఆ రోజు ఒక్కటీ చిమ్మలేదు. చేసినవారి ఓపికకు అదే సాక్ష్యం, దానికి మార్కు వేసినవాళ్లు లేరు.

అసలు తప్పు వరుసలో ఉంది. 10 శాతం ఆల్కహాలున్న నల్లటి స్టౌట్‌ను మొదట పోశారు. కాఫీ, మాడిన బార్లీ నాలుకకు పట్టుకున్నాక గోధుమ బీరు నీళ్లలాగే ఉంటుంది. లేతవి, చేదు తక్కువవి ముందు, చేదు, పరిమళం ఇచ్చే హాప్స్ పూలు దట్టించిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) బీర్లు తర్వాత, స్టౌట్ ఆఖరున. ఒక్కోటి 60 నుంచి 90 మి.లీ. చాలు. అన్నీ ఐసులో ముంచి ఉంచారు. అంత చల్లదనంలో వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది. గోధుమ బీరుకు 6–8 డిగ్రీలు, ఐపీఏకు 7–10, స్టౌట్‌కు 10–13 ఉండాలి. కాగితం కప్పులు కాగితం వాసనే ఇస్తాయి. గాజు గ్లాసే కావాలి, దానికి జిడ్డుంటే నురగ నిలవదు. ఇక మిరపకాయ బజ్జీ నోట్లో ఉండగా మార్కులు వేయడం... బజ్జీ మీద కోపమేమీ లేదు, పోటీ అయ్యాక పది తినండి. మధ్యలో మాత్రం ఉప్పులేని బొరుగులు, మంచినీళ్లు.

రుచిలో ఏది లోపం, ఏది గుణం అన్నదీ తెలియాలి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన ఈస్టు ఇచ్చిన గుణం. చల్లగా పులియబెట్టే లేత రంగు లాగర్ బీరులో వెన్న వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన లోపం. తడి అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం. ఐపీఏ కొనేటప్పుడు డబ్బా అడుగున తేదీ చూడండి. నెలలు దాటితే హాప్స్ పరిమళం పోయి చేదే మిగులుతుంది.

ఎక్కలేదు అన్నవాళ్లనూ తీసిపారేయలేం. 650 మి.లీ. స్ట్రాంగ్ సీసా 8 శాతమైతే అందులో ఆల్కహాలు 52 మి.లీ. రూపాయికి ఎంత అని చూసుకునే ఊళ్లో ఆ లెక్క న్యాయమే. కాకపోతే అది రుచి లెక్క కాదు. అమెరికాలో పోటీ న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) పద్ధతిలో మొత్తం మార్కులు 50: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. మత్తుకు విడిగా గడి లేదు.

కార్యవర్గానికి మనవి: వచ్చే సంక్రాంతికి రుచికి ఒక బహుమతి, గిట్టుబాటుకు ఒకటి పెట్టండి. లేబుళ్లు కప్పి నంబర్లు వేయండి. మార్కులు పడ్డాకే ధర చెప్పండి, 30 దాటినవాటి మార్కులనే 100 మి.లీ. ధరతో భాగించండి. 5 డాలర్ల 473 మి.లీ. డబ్బాకు 38 వచ్చి, 2 డాలర్ల 355 మి.లీ. సీసాకు 34 వస్తే, రుచి బహుమతి మొదటిది, గిట్టుబాటు బహుమతి రెండోది. మామిడి బీరు చేసినవారిని మళ్లీ తెమ్మని కార్యవర్గమే అడగాలి, ఈసారి దాన్ని మొదటి వరుసలో పోయాలి.